కత్తెర

గార్వేబావిపాళ్య రెండో క్రాసులో
మా మందులషాపు షట్టరు లేపేసరికి
ఎదురుగా గార్మెంట్ ఫ్యాక్టరీ సైరన్ కూసేసి ఉంటుంది.
కౌంటరు మీద, రబ్బరుబ్యాండ్ల డబ్బా పక్కన, నా కత్తెర.
ఫార్మసీ చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు
ఈ ఉద్యోగంలో సగం దర్జీపని అని.

ఏడో తారీఖున జీతాలు.
పదిహేను దాకా బీపీ మాత్రలు పదేసి కత్తిరిస్తాను.
ఇరవై దాటితే నాలుగు.
నెలాఖరుకు రెండు చాలంటారు,
ఒకటి విరిచి రెండు రోజులు చేసుకుంటారు.
నెత్తురుకి క్యాలెండరు తెలియదు.
ముప్పయ్యో తారీఖున కూడా
జీతాల రోజు లాగే పొంగుతుంది.

షీటుకు ఒక చివరే ఉంటుంది గడువు తేదీ.
ఆ ముక్క షాపులో మిగలాలి, ఇన్‌స్పెక్టరు వస్తే చూపించాలి.
అందుకని ఎప్పుడూ ఇటువైపు నుంచి కత్తిరిస్తాను.
నాలుగు కొనుక్కున్నవాళ్ళకి
ఎన్నాళ్ళు పనిచేస్తాయో తెలియని నాలుగు.

వెనకాల టవర్సులో పద్నాలుగో అంతస్తు కులకర్ణి గారు
మూడు నెలల మందు ఒకేసారి తీసుకుంటారు.
మంచాయన. చిల్లర లేదంటే ఉంచుకోమంటారు.
డెబ్బై ఒకటట. పొద్దున్నే పరిగెత్తుకుంటూ వస్తారు,
చెవుల్లో ఏదో పాట.
"బిల్లు పేరుతో రాయమ్మా, ఆడిటరు అడుగుతాడు."
ఆ కాగితం ఎక్కడో ఫైల్లోకి వెళ్తుంది,
అక్కడ ఆయన పన్ను కాస్త తగ్గుతుంది.
తప్పేముంది, చట్టంలోనే ఉంది.

చౌడమ్మది మా కదిరి పక్క పల్లె.
కాలర్లు కుట్టే లైను. గంటకెన్నో చెప్పింది, మర్చిపోయాను.
బిల్లు ఇస్తే చేయి వెనక్కి లాక్కునేది.
"దీన్నేం చేసుకోవల్ల తల్లీ, సారులో ఏసుకునేదా?"

ఓ నెలాఖరు సాయంత్రం
మిషను దానంతటదే కక్కింది బిల్లు.
రెండు మాత్రలు. వాటి కింద రెండు వరసలు,
ఒకటి రాష్ట్రానికి, ఒకటి కేంద్రానికి,
సరిగ్గా చెరి సగం,
ఆమె మాత్ర విరిచేంత కచ్చితంగా.
అట్టడుగున: త్వరగా కోలుకోండి.

"ఇదేంది?" వేలు పెట్టింది.
ఆ గోటి మీద సూది దిగిన పాత మచ్చ.
"పన్ను."
"ఎవురు కట్టేది?"
"నువ్వే."
బీఎంటీసీ బస్సు పోయింది. కరెంటు పోయి వచ్చింది.
"టవర్సు సారు గూడా ఇంతేనా?"
"మాత్రకి అంతే. అందరికీ ఒకే లెక్క."
"మా సూపర్‌వైజరు అంటాడే,
పన్ను కట్టేటోళ్ళ దుడ్డుతో మీరు ఊరికే తింటాండారని..."
నవ్వింది. నేను చూసినంతలో అదే మొదటిసారి.

అప్పట్నుంచి బిల్లులన్నీ దాచింది,
కడిగి ఆరబెట్టిన పాలకవర్లో.
ఒక సోమవారం జీతం కోతకి సిద్ధపడి
సర్కారు ఆస్పత్రికి పోయిందట.
స్టాకు లేదన్న కిటికీ ముందు
ఆ కవరు బోర్లించిందట.
అక్షరాలు చెదిరిన కాగితాలు, రూపాయిలు, పైసలు.
"ఇయ్యన్నీ నేనిచ్చినవే సామీ. ఈ పక్క నా వంతు యాడుంది?"

కిటికీలో మనిషి ఏమన్నాడో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నిన్న వచ్చింది. ఇరవై ఆరో తారీఖు.
"నాలుగియ్యి. బిల్లు పేరుతో రాయి."
రాశాను. పక్కన వయసు గడి.
ఆరు నొక్కి, సున్నా దగ్గర ఆగాను.
"ఎంత నీకు?"
"నలభై మూడు."

ఆరు చెరిపాను.
కత్తెర తీసి
షీటు తిప్పి పట్టుకున్నాను,
తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరించాను.